సత్తెమ్మా, సత్యవతీ ఒకరేనా?

రేషన్ కార్డుల ఈ-కేవైసీ అన్నప్పుడల్లా కోనసీమ సచివాలయాల్లో ఇదే టెన్షన్. ఆధార్‌లో సత్తెమ్మ, పొలం పాస్‌బుక్‌లో వెంకట సత్యవతి. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మంటారు.

అన్నవరం సత్యనారాయణస్వామి పేరున సత్యవతులు, ద్రాక్షారామం మాణిక్యాంబ పేరున మాణిక్యాలు ఎలా పుట్టారో ఇక్కడ అందరికీ తెలిసిందే. పేచీ అంతా పిలుపు పేర్లతోనే. బుల్లి అంటే చిన్న కాబట్టి చిన్నపిల్ల బుల్లెమ్మ అయింది. చిట్టి, అమ్మాజీ, బేబి కూడా ముద్దుకి పిలిచినవే. బుజ్జి అయితే ఆడో మగో పేరును బట్టి తేలదు.

అన్నీ ముద్దు పేర్లు కావు. పెద్దకులాల ఇంట లక్ష్మమ్మ అనిపించుకున్న పేరే దళితపేటలో లచ్చి అయ్యేది. సుబ్బమ్మ సుబ్బి అయ్యేది. ఆ 'అమ్మ' అనడానికి ఊరికి నోరు వచ్చేది కాదు. కాగితం మీద రాసే ఉద్యోగి కూడా ఊరి నోట విన్నదే రాసుకుపోయాడు.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పేరు పెట్టకముందే జననం నమోదు చేయనిస్తుంది, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. ఇంట్లోనే పురుడు పోసుకున్నవాళ్లకు ఆ నమోదూ అరుదే. పదో తరగతి సర్టిఫికెట్ లేని ఆడవాళ్లకు పేరున్న మొదటి గట్టి కాగితం చాలాచోట్ల రేషన్ కార్డే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక దాని విలువ ఇంకా పెరిగింది.

అసలు ముడి పడింది మాత్రం ఆధార్‌తోనే. గుర్తింపుగా రేషన్ కార్డు చూపిస్తే అందులోని లచ్చి అలాగే కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఆధార్‌తో రేషన్ ఇచ్చే ప్రయోగం 2012లో తూర్పుగోదావరిలోనూ జరిగింది. అప్పటిదాకా డీలర్‌కి మనిషి తెలిస్తే చాలు. ఆ తర్వాత యంత్రానికి వేలిముద్ర కలవాలి, కాగితాల్లో అక్షరం కలవాలి.

పేరు ఇష్టమొచ్చినట్టు మార్చనిస్తే దొంగ లబ్ధిదారులు పెరుగుతారని అధికారుల వాదన. ఆధార్‌లో పేరు మార్పు మామూలుగా జీవితంలో రెండుసార్లకే పరిమితం. అందులో ఒకటి ఆపరేటర్ తప్పు దిద్దడానికే పోతే ఎలా అని ఆడవాళ్లు అడుగుతున్నారు. పైగా వీళ్లలో చాలామంది పేరు మార్చమనడం లేదు, రెండూ రాయమంటున్నారు. దస్తావేజు లేఖరులు ఏనాటి నుంచో 'సత్తెమ్మ అను వెంకట సత్యవతి' అని రాస్తూనే ఉన్నారు, రిజిస్ట్రార్ ఆఫీసు ఒప్పుకుంటూనే ఉంది. ఆధార్ కార్డులో ఆ 'అను'కి గడి లేదు.