కిటికీ తెర తీయొద్దన్నది ఇందుకు

పై వాటా పిల్లలకు, ఎదురింటి పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మధ్యాహ్నం బుజ్జిని ఆటకి పిలుద్దామని మీలో ఒకరు మా కిటికీ తెర లాగారు. నేను గట్టిగా అరిచాను, మీరు బెదిరిపోయారు. కారణం చెప్పకుండా కసురుకోవడం నా తప్పు.

మా మనవరాలికి ఉన్న జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. డాక్టర్లు ఎక్స్‌పీ అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మనందరి చర్మంలోనూ డీఎన్‌ఏని కాస్త పాడుచేస్తాయి. ఆ డీఎన్‌ఏ ఒక మల్లెదండ అయితే, అందులో పక్కపక్క పూలు రెండు అతుక్కుపోయాయనుకోండి. మన కణాలు ఆ ముక్క తుంచేసి కొత్త పూలు కట్టుకుంటాయి. బుజ్జి కణాలకి ఆ పని సరిగా చేతకాదు. ఈ లోపాన్ని 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. పాడైన పూలు అలాగే పేరుకుపోతే చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ రావచ్చు. అందుకే మాకంత భయం.

మామూలు కిటికీ అద్దం ఈ కిరణాలన్నిటినీ ఆపదు. అద్దాలకి వాటిని ఆపే ఫిల్మ్ అంటించి, పైన మందపాటి తెర వేశాం. పగలు ఆసుపత్రికి వెళ్లాలంటే చెవుల వెనక, చెవి మడతల్లో, మెడ మీద, పెదాలకి కూడా క్రీమ్ రాయాలి. ఆపైన పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు, ముఖానికి ముసుగు. మద్రాసు మే నెలలో! "మబ్బేసిందిగా తాతయ్యా, ఇవాళ కూడానా?" అంటుంది. మబ్బులోంచి కూడా వస్తాయమ్మా అని చెబుతూ గ్లౌజు తొడుగుతాను.

ముక్కు మీద, బుగ్గల మీద ఆవాలు చల్లినట్టున్న మచ్చలు మీకు అంటుకోవు. తన చేయి పట్టుకోండి, తన పళ్లెంలోది తినండి.

బుజ్జి అమ్మానాన్నలు బావామరదళ్లు. ఇద్దరికీ జబ్బు లేదు కానీ, ఇద్దరిలోనూ ఒకే జన్యువుకి చెడిన నకలు ఒకటి దాగి ఉంది. అలాంటి జంటకి పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికం వద్దని ఎవరైనా అన్నా వినకుండా ఆ పెళ్లి కుదిర్చింది నేనే. ఈ ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

ఇక ఆట సంగతి. ఆ కిరణాల భయం లేకుండా మేడ మీద పాత లైట్లు తీయించి ఎల్ఈడీ బల్బులు పెట్టించాను. రాత్రి ఏడింటికి బాగా చీకటి పడ్డాక రండి. మా దగ్గర షటిల్ బ్యాట్లు రెండే ఉన్నాయి, మీవి తెచ్చుకోండి. బుజ్జి ఆరింటి నుంచే మెట్ల దగ్గర కూర్చుంటుంది.

మీ తాతయ్య,
పెరంబూరు, చెన్నై