పంగలకర్ర పిడి ఎవరి చేతిలో?

ఒక పాఠకుడు మనవడి రక్తపరీక్ష కాగితం పంపించారు. పదకొండు నెలల పిల్లవాడు, ఇల్లంతా పాకుతున్నాడు, పెట్టిందల్లా తింటున్నాడు. కాగితం మీద మాత్రం మొత్తం తెల్లకణాలు 6,000, అందులో న్యూట్రోఫిళ్లు (సూక్ష్మజీవులను మింగే రకం తెల్లకణాలు) 5 శాతం. అంటే 300. ఈ వయసులో కనీసం వెయ్యి ఉండాలి, 500 కన్నా తగ్గితే తీవ్రమైన కొరత కింద లెక్క. "పిల్లవాణ్ణి నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా?" అని ఆయన ప్రశ్న.

రెండూ నిజం కావచ్చు. పుట్టుకతో వచ్చే లోపాలు, రక్త క్యాన్సరు వంటివి కావని వైద్యులు తేల్చాక మిగిలేవాటిలో ఇది ముఖ్యమైనది: పిల్లవాడి శరీరమే తన న్యూట్రోఫిళ్ల మీద యాంటీబాడీలు తయారు చేసుకోవడం.

తెల్లకణాలు సైనికులని బడిలో చెప్పి వదిలేస్తారు. ఆ పోలికతో ఇక్కడ అడుగు ముందుకు పడదు. నాకు పంగలకర్ర కావాలి. యాంటీబాడీ ఆకారం అదే: పైన రెండు పంగలు, కింద ఒక పిడి. పంగలు సూక్ష్మజీవిని పట్టుకుంటాయి. పిడిని న్యూట్రోఫిల్ అందుకుంటుంది. అందుకోవడానికి దాని ఒంటి మీద చేతులుంటాయి. వాటిలో ఒక రకం పేరు ఎఫ్‌సీ గామా రిసెప్టర్ 3బి, ఒక్కో కణం మీద లక్షకు పైగా. ఆ చేయి అందరికీ ఒకేలా ఉండదు. నాలుగు అమైనో ఆమ్లాల తేడాతో హెచ్ఎన్ఏ-1ఎ, హెచ్ఎన్ఏ-1బి అని రెండు ప్రధాన రూపాలు. రక్తానికి ఎ, బి గ్రూపులున్నట్టే న్యూట్రోఫిళ్లకూ గ్రూపులున్నాయన్నమాట.

పసిపిల్లల్లో దారి తప్పిన యాంటీబాడీలు ఎక్కువగా గురిపెట్టేది సరిగ్గా ఈ చేతినే. పిడిని అందుకోవలసిన చేతిని పంగలే వచ్చి బిగించేస్తాయి! అలా యాంటీబాడీ అంటుకున్న కణాలను ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు మింగేస్తాయి.

ఇక ప్రయోగశాల అవస్థ చూడండి. న్యూట్రోఫిల్‌కు యాంటీబాడీ అంటుకుని కనిపించింది. పంగలతో దాడి చేసిందా, లేక కణమే మామూలుగా పిడి పట్టుకుందా? రెండూ ఒకేలా మెరుస్తాయి. కణానికి అంటుకున్న యాంటీబాడీని మెరిపించి చూపడానికి రంగు అద్దిన మరో యాంటీబాడీ వాడతారు. దానికీ పిడి ఉంటుంది, దాన్నీ కణం పట్టుకోగలదు. అందుకని ముందే దాని పిడి కోసేసి వాడతారు. ఆ ఉపాయం మొదటిసారి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయినా రోగి రక్తంలోని యాంటీబాడీల పిడులు అలాగే ఉంటాయి కదా. అందుకే ఇంకో పద్ధతిలో కణాన్ని కరిగించి, ఆ ఒక్క ప్రొటీన్‌నే ఎలుక యాంటీబాడీతో బయటికి లాగి, దానికి మనిషి యాంటీబాడీ అంటుకుని వచ్చిందో లేదో చూస్తారు. పైగా ఎర్రకణాల్లా వారాల తరబడి చల్లగా దాచుకుందామంటే న్యూట్రోఫిళ్లు నిలవవు. గ్రూపు తెలిసిన దాతల నుంచి ఎప్పటికప్పుడు తాజాగా తీసుకోవాలి. ఈ పరీక్ష చేసే చోట్లు తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

300 ఉన్నా పిల్లవాడు హుషారుగా ఎందుకున్నాడంటే, మూలుగలో తయారీ ఆగలేదు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు చాలామంది పిల్లల్లో సంఖ్య కాసేపు పెరుగుతుంది కూడా. అయినా జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జర్మనీలో 240 మంది పిల్లల మీద వచ్చిన 1998 నాటి అధ్యయనంలో, వెంట ఉండి గమనించిన పిల్లల్లో 95 శాతం మందికి 7 నుంచి 24 నెలల్లో దానంతటదే తగ్గింది. ఈలోపు కట్టిన తాయెత్తుకు, తీసిన దిష్టికి, పట్టించిన బొప్పాయి ఆకు రసానికి పేరు రావడం ఖాయం. తనంత తాను పోయే జబ్బుకు వైద్యులెక్కువ.

ఇదే గొడవ కడుపులో ఉండగానే రావచ్చు. 1960లో న్యూయార్క్‌లో పర్వీజ్ లలేజారి బృందం వర్ణించింది ఇదే: బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన గ్రూపు మీద తల్లి చేసిన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ న్యూట్రోఫిళ్లను పట్టుకుంటాయి. తల్లీబిడ్డల రక్తం గ్రూపుల మధ్య వచ్చే ఆర్‌హెచ్ తగాదాలా రెండో కాన్పు దాకా ఆగదు, మొదటి బిడ్డకే రావచ్చు. కొందరు తల్లులకు ఆ 3బి చేతిని తయారుచేసే జన్యువే ఉండదు. ఆ చేయి లేకుండానే వాళ్లు నిక్షేపంగా బతుకుతారు. కానీ బిడ్డకు తండ్రి పోలికతో ఆ చేయి మొలిస్తే, తల్లి శరీరానికి అది బొత్తిగా ఎరగని వస్తువు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ మూడు వారాలకోసారి సగమవుతూ కరిగిపోతుంది. దాంతోపాటే కొన్ని వారాల్లోనో నెలల్లోనో బిడ్డ లెక్క పెరుగుతుంది.