‘అన్నా, నాకు బొమ్మలెయ్యరాదు’: టీమ్ మాస్క్ టాస్క్ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం రాత్రి ఒంటిగంట దాటింది. పడుకుందామని ఫోన్ పక్కన పెడుతుంటే డీఎం వచ్చింది. "అన్నా, రేపు మాస్క్ టాస్క్ ఉన్నదట కదా. నాకు బొమ్మలెయ్యరాదు. మావోళ్ళు నన్నే తీసేస్తరేమో." పంపిన అమ్మాయి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. సీజన్ మొదలై ఇంకా నాలుగు రోజులు కూడా కాలేదు. "భయపడకు చెల్లే, పొద్దున మాట్లాడదాం" అని పెట్టి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇదే మెసేజ్, దాదాపు ఇవే మాటలతో, నాకు ప్రతి సీజన్‌లోనూ వస్తుంది.

అందుకే ఈసారి అందరికీ ఒకేచోట రాసి పెడుతున్నాను. పగలు నేను హన్మకొండలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. రాత్రిళ్ళు డిస్కార్డ్ అనే గ్రూప్ చాట్ యాప్‌లో ఈ రియాలిటీ గేమ్‌లు హోస్ట్ చేస్తాను. టీములుగా ఆడతారు, టాస్క్ ఓడిన టీమ్ ‘కౌన్సిల్’లో కూర్చుని తమలో ఒకరిని ఆట నుంచి పంపించాలి. మాస్క్ టాస్క్ అంటే టీమ్ అంతా కలిసి ఒక థీమ్ మీద ముఖానికి పెట్టుకునే బొమ్మముఖం చేయడం. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులు బంద్ అయి, ఇంట్లో తోచక పట్టుకున్న పిచ్చి ఇది, ఇంకా వదల్లేదు. డ్రాయింగ్ మాస్టారు పెట్టే మాస్క్ టాస్క్ కాబట్టి డ్రాయింగ్ వచ్చినవాళ్ళే గెలుస్తారని చాలామంది లెక్క. ముందు ఆ లెక్క సంగతి చూద్దాం.

అపోహ: బొమ్మలు బాగా వేసేవాళ్ళకు మాస్క్ అప్పజెప్పేస్తే టీమ్ గెలిచినట్టే.

వాస్తవం: ఈ టాస్క్‌లో నేను చూసిన ఓటములు ఎక్కువగా ఇక్కడే జరిగాయి.

టాస్క్ మొదలైన నిమిషంలోనే స్కోర్ షీట్ పిన్ చేసి పెడతాను. 48 గంటల టైమ్, ఒక థీమ్, టీమ్‌కు ఒకే మాస్క్. థీమ్‌ను పట్టుకున్న తీరుకు 35 మార్కులు, టీమ్ అంతా కలిసి చేసిన పనికి 30, తయారీకి 20, ఒక నిమిషం వీడియోలో చెప్పే కథకు 15. చేతిపనికి ఇరవయ్యే. మిగతా ఎనభై బ్రష్ పట్టుకోకుండా తెచ్చుకోవచ్చు. ఆ షీట్ పూర్తిగా చదివేవాళ్ళు ఎంతమందో ఆ భద్రకాళి అమ్మవారికే తెలియాలి.

రెండేళ్ళ కింద ఒక సీజన్‌లో థీమ్ ‘వాన’. ఒక టీమ్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రాడు ఉన్నాడు. థీమ్ పడగానే టీమ్ చాట్‌లో వచ్చిన మెసేజ్‌లు నాకింకా గుర్తున్నాయి. "అన్నా నువ్వు ఉన్నవ్ కదా, ఇంకేం టెన్షన్", "నువ్వు చూస్కో భాయ్", రెండు దండాలు, ఒక హార్ట్. తర్వాత చాట్ నిశ్శబ్దం. ఆ పిల్లాడు రెండు రాత్రులు నిద్రపోకుండా ఒక రాక్షసుడి ముఖం చేశాడు. కోరలు, కనుబొమలు, బంగారు రంగు కిరీటం. నా క్లాసులో చేసి ఉంటే గోడకు తగిలించేవాణ్ణి. అందులో వాన మాత్రం ఎక్కడా లేదు. నీలం రంగు వేశానన్నాడు.

అవతలి టీమ్ మాస్క్ చూస్తే నవ్వొచ్చేది. అట్టముక్క మీద పేపర్ అంటించారు, ముక్కు కొంచెం వంకర. కానీ గొంగడి నెత్తిమీదికి మడిచి కప్పుకున్న రైతు ముఖం అది. గొంగడి అంచు నుంచి కారే చుక్కలకు చీర మీది అద్దాలు కుట్టారు. వీడియోలో ఒకాయన వాళ్ళ నాయన నాట్లప్పుడు గొంగడి ఎట్ల కప్పుకునేవాడో చెప్పాడు. జడ్జీలు ముగ్గురూ దానికే ఎక్కువ వేశారు.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. ఓడిన టీమ్ కౌన్సిల్‌కు వచ్చింది. ఎవరిని పంపించారనుకున్నారు? రెండు రాత్రులు మేలుకున్న ఆ కుర్రాణ్ణే. "మాస్క్ నువ్వే కదా చేసినవ్" అన్నారు. హోస్ట్‌గా నేను నోరు మెదపకూడదు. మెదపలేదు గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. పని ఒక్కడి మీద వేసినప్పుడు ఓటమి కూడా అతని మీదే వేస్తారు. బొమ్మలు బాగా వచ్చినవాళ్ళూ, ఈ ముక్క మీ కోసం కూడా. "నేనే చేస్తా" అని మొత్తం నెత్తికెత్తుకోకండి.

ఈ అపోహ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఆన్‌లైన్ ఆటలో ఒకరు జగిత్యాలలో, ఒకరు మంచిర్యాలలో, ఒకరు దుబాయ్‌లో ఉంటారు. మాస్క్ ఎవరో ఒకరి ఇంట్లోనే తయారవ్వాలి. వస్తువు ఒకరింట్లో ఉంది కాబట్టి పని కూడా ఆ ఒక్కరిదే అనుకుంటారు. పెళ్ళి వంట ఒకరి ఇంటి వెనకాలే వండుతారు. అంతమాత్రాన కూరగాయలు ఎవరు తెచ్చారు, ఉప్పు ఎవరు చూశారు అని అడగమా?

ఇప్పుడు ఇంకో టీమ్ గురించి చెబుతాను. థీమ్ ‘ఇంటికొచ్చిన ముఖం’. అందులో గోదావరిఖని అమ్మాయి ఒకామె ఉంది. ఆమె కూడా అచ్చం ఇలాగే, రాత్రి ఒంటిగంటకే, నాకు బొమ్మలు రావన్నా అని మెసేజ్ పెట్టింది. టీమ్ కాల్‌లో గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదట. మిగతావాళ్ళు బతుకమ్మ, సమ్మక్క-సారలమ్మ జాతర, కాకతీయ తోరణం అంటూ లిస్టు చదువుతున్నారు. (ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు మాస్క్ నుదుటి మీద తోరణం పెడతారు. నాకు మా కోట మీద ఎంత ప్రేమ ఉన్నా, ఇక చాలు తల్లీ.) ఆఖరికి ఆ అమ్మాయి మెల్లగా అంది: "మా నాన్న సింగరేణిల చేస్తడు. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి మొకం కడుక్కున్నంక గూడ రెప్పల అంచుకు బొగ్గు పోదు. కాటుక పెట్టుకున్నట్టే ఉంటది. చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని."

కాల్ అంతా ఒక్కసారి ఆగిపోయిందని తర్వాత వాళ్ళే చెప్పారు. మాస్క్ అక్కడే అయిపోయింది. మిగిలింది చేతిపనే. హుజూరాబాద్ అబ్బాయి కొబ్బరిచిప్ప మీద ముఖం కట్టాడు. శుభ్రంగా కడిగిన గోధుమరంగు ముఖం, రెప్పల అంచున మాత్రం నల్లటి గీత, నుదుటిన క్యాప్ ల్యాంప్ ఒత్తిన గుర్తు. అంతే. దుబాయ్‌లో ఉన్నతను తన ఫోన్‌లో కథ రికార్డు చేసి పంపాడు. ఇంకొకామె జడ్జి కూర్చున్నట్టు కూర్చుని స్కోర్ షీట్‌ను లైన్ లైన్‌గా సరిచూసింది. ఆ టీమ్‌లో డ్రాయింగ్ వచ్చినవాళ్ళు సున్నా. తయారీకి 20లో 11 వచ్చాయి, టాస్క్ గెలిచారు.

కాబట్టి చెల్లే, తమ్ముడూ, బొమ్మలు రాకపోతే టీమ్‌లో నీ పని ఏమిటంటే: షీట్ చదువు. థీమ్ వినగానే మీ ఇంట్లో, మీ వీధిలో ఏం గుర్తొచ్చిందో సిగ్గుపడకుండా చెప్పు. చేసేవాళ్ళకు ప్రతి మూడు గంటలకు ఫోన్ చేసి ఆరిందా అని అడుగు. ఈ చివరిది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ టీములు మునిగేది చాలాసార్లు అక్కడే.

ఆరడం సంగతి వచ్చింది కాబట్టి కొంచెం పక్కకు వెళ్తాను. కొన్నేళ్ళ కింద చేర్యాలలో మాస్క్‌లు చేయడం నేర్పుతుంటే వెళ్ళి కూర్చున్నాను. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా గానీ 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మా వరంగల్ జిల్లాదే. అక్కడి నకాశీ కళాకారుల పటాలకు 2007లోనే జీఐ గుర్తింపు (ఆ ఊరి పేరును వేరేవాళ్ళు వాడుకోకుండా కాపాడే గుర్తింపు) వచ్చింది. మార్కండేయ పురాణం, మడేలు పురాణం లాంటి కులకథలు చెప్పేవాళ్ళ కోసం మూరల కొద్దీ బట్ట మీద వేసిన బొమ్మలవి. చిన్న మాస్క్‌లకు వాళ్ళు కొబ్బరిచిప్పనే అచ్చుగా వాడతారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు చేస్తారు. అందులో రంపపుపొట్టు కలిపి ముక్కు, పెదాలు, కనుబొమలు నిలబెడతారు. అది పూర్తిగా ఆరాకే సుద్ద పూత, ఆ తర్వాతే రంగు. నేను తొందరపడి పచ్చి ముక్కు మీదే సుద్ద పూశాను. నేర్పే పెద్దాయన చూసి ఏమీ అనలేదు, నవ్వి పక్కకు జరిగాడు. సాయంత్రానికి ముక్కు ఊడి ఒళ్ళో పడింది.

మన 48 గంటల్లోనూ ఇదే జరుగుతుంది. పేపర్ గుజ్జు అంగుళం మందం పెట్టేస్తారు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. రంగు వేయగానే బీటలు వారుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే పైపొర ఇంకా తొందరగా బిగుసుకుని పగులుతుంది. న్యూస్‌పేపర్‌ను కత్తిరించకుండా చేత్తో చింపండి, చింపిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకసారికి రెండు మూడు పొరలు చాలు. ఫ్యాన్ కింద ఆరనిచ్చి మళ్ళీ రెండు పొరలు. స్టీల్ గిన్నె అచ్చుగా వాడితే ముందు నూనె రాయండి, లేకపోతే మీ అమ్మ నన్ను తిడుతుంది. ఇంకొక్క జాగ్రత్త. పోస్టర్లు అంటించేవాళ్ళు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. ముఖానికి పెట్టుకునే దాంట్లో అది వద్దే వద్దు.

మిగతా అపోహలు త్వరత్వరగా.

‘అంతా ఫిక్సే, హోస్ట్‌కు నచ్చిన టీమే గెలుస్తుంది.’ టీవీలో 2017లో బిగ్ బాస్ తెలుగులోకి వచ్చినప్పటి నుంచి ఈ మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఈ సీజన్‌లో ఎవరో వాయిస్ మెసేజ్ కూడా తిప్పుతున్నారట. మార్కులు నేను వెయ్యను. ఆటలో లేని ముగ్గురు వేస్తారు, వాళ్ళకు ఫోటోలు టీమ్ పేరు లేకుండా నంబర్లతోనే వెళ్తాయి. కౌన్సిల్ అయ్యాక ముగ్గురి షీట్లూ పెట్టేస్తాను. వాయిస్ మెసేజ్ తిప్పేవాళ్ళు ఆ షీట్లు ఒక్కసారైనా తెరిచి చూశారా?

‘ఏఐతో బొమ్మ చేసి పెడితే ఎవరికి తెలుస్తది?’ తెలుస్తుంది. టాస్క్ మొదలైనప్పుడు ప్రతి టీమ్‌కు ఒక కోడ్ మాట ఇస్తాను. దాన్ని కాగితం మీద చేత్తో రాసి, అచ్చు దశ, పొరల దశ, రంగు దశ, మూడు ఫోటోల్లోనూ మాస్క్ పక్కన పెట్టాలి. ఐడియాల కోసం ఏఐని అడుగుతారా, అడగండి. అది మీ నాన్న రెప్పల అంచున బొగ్గును చూసి ఉండదు, అంతే తేడా.

‘ఖర్చు పెడితేనే మంచి మాస్క్ వస్తుంది.’ పాత పేపర్, మైదా, కొబ్బరిచిప్ప. ఇంకేం కావాలి?

‘ఎర్ర రంగు దట్టంగా వేస్తే చేర్యాల స్టైల్ అయిపోతుంది.’ పటాల్లో నేపథ్యం ఎరుపు అన్నది నిజమే. కానీ వాళ్ళ పనంతా ఆ గీతలో, ఆ పెద్ద కళ్ళలో ఉంటుంది. వీడియోలో ‘చేర్యాల మాస్క్’ అని చెప్పకండి, ‘చేర్యాల చూసి చేసింది’ అనండి. ఆ పేరు వాళ్ళ తిండి.

‘మాస్క్ అంటే ముఖం మొత్తం కప్పాలి.’ అక్కర్లేదు. ఒకసారి ఆదిలాబాద్ వైపు టీమ్ ఒకటి, గుస్సాడీల (గోండు నాట్యకారుల) నెమలి ఈకల టోపీని అట్టతో చేసి పెడతామని అడిగింది. ముఖం కప్పదు కాబట్టి ఒప్పుకోనేమో అని వాళ్ళ భయం. నా అభ్యంతరం వేరే. దీపావళి రోజుల్లో దండారీ పండుగలో గోండులు ఆ టోపీని దేవుడి వస్తువులా చూస్తారు, దాన్ని పెట్టుకున్నవాళ్ళు దీక్షలో ఉంటారు. ఆట కోసం దాన్ని చేయొద్దన్నాను. ఆ టీమ్‌లోని గోండు అబ్బాయే "నేను గూడ గదే చెప్దామనుకున్న సార్, అందరు ఉత్సాహంగ ఉంటే చెప్పలేకపోయిన" అన్నాడు. చెప్పు తమ్ముడూ, ఈసారి ముందే చెప్పు.

‘ఫోటో ఎలా ఉన్నా జడ్జీలు అర్థం చేసుకుంటారు.’ మాస్క్ వాళ్ళ చేతికి రాదు, ఫోటోలో కనిపించిందే లెక్క. వార్నిష్ పూసిన మాస్క్‌కు ఫ్లాష్ కొడితే నుదుటిన తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. రెండడుగుల దూరం నుంచి ఫోన్‌లో చూస్తే కళ్ళు, నోరు కనిపిస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. కనిపించకపోతే గీతలు ఇంకా లావుగా వేయండి.

ఇక ఆఖరిది. గెలిచిన మాస్క్‌లన్నీ హోస్ట్ తెప్పించుకుని అమ్ముకుంటాడట. ఇది ఎవరు పుట్టించారో గానీ వినగానే నా భార్య పడీ పడీ నవ్వింది. మా దగ్గరికి వచ్చేది ఫోటోలు, వీడియోలు మాత్రమే. మా ఇంట్లో ఉన్న మాస్క్ ఒక్కటే, చేర్యాలలో నేను చేసింది. టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. ముక్కు ఇప్పటికీ లేదు.