చెట్టుదే కదా, ఏమైతాది? చర్మం రంగుపై అపోహలు, వాస్తవాలు

మామిడి కాలం మొదలైతే తిరుపతిలో చర్మ వైద్యం చేసే నా దగ్గరికి ఒకే రకం మచ్చలు వరసగా వస్తాయి. మూతి చుట్టూ, ముంజేతుల మీద, ఏదో కారినట్టు నల్లటి చారలు. చిత్తూరు వైపు తోటల్లో తోతాపురి కోసేవాళ్లు, కాయను తొడిమ దగ్గర కొరికే పిల్లలు.

అపోహ: చెట్టుది కాబట్టి హాని చేయదు.

మామిడి సొనా చెట్టుదే. అది పడిన చోట చర్మం కమిలి దద్దురు లేస్తుంది. దద్దురు మానినా, అక్కడి రంగు కణాలు రేగి, చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువ తయారుచేస్తాయి. ఆ నలుపు పోవడానికి నెలలు పడుతుంది. సొన పడితే వెంటనే సబ్బుతో కడగండి. వెనకట బట్టలకు గుర్తు పెట్టిన నల్లజీడిదీ ఇదే కుటుంబం.

తెలుపు కోసం పోయినా ఇంతే. జపాన్‌లో రోడోడెండ్రాల్ కలిపిన క్రీములను 2013లో వెనక్కి తీసుకున్నారు. అది చెట్లలో దొరికే పదార్థమే. మెలనిన్ తయారుచేసే టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకుంటుందని కలిపారు. ఆ ఎంజైమే దాన్ని విషంగా మార్చి రంగు కణాలను చంపింది. వేలమందికి బొల్లి లాంటి తెల్లమచ్చలు వచ్చాయి.

అపోహ: నిమ్మరసంతో మంగు పోతుంది.

పోదు, కొత్త మచ్చ వస్తుంది. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీదుండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో మంట, బొబ్బలు, తర్వాత నలుపు. పొద్దున నిమ్మచెక్క రుద్దుకుని, బండి మీద శ్రీకాళహస్తి పోయొచ్చినవాళ్లకు చెంపలు కాలడం చూశాను.

అపోహ: బొల్లికి బావంచాలు వట్టి నాటు వైద్యం.

ఇది చదువుకున్నవాళ్ల అపోహ. ఆ గింజల్లో సోరాలెన్ ఉంది, ఎండ తగిలితే చర్మం మీద పనిచేసే పదార్థం, నిమ్మలోని ఫ్యూరానోకౌమరిన్ల కోవదే. బొల్లికి మేమిచ్చే ప్యూవా చికిత్సలో మందు ఆ జాతిదే, దాని మీద కొలిచిన యూవీఏ (అతినీలలోహిత) కాంతి వేస్తాం. చిక్కంతా కొలతతోనే. పొడిలో మందెంతో, ఎండలో నిమిషాలెన్నో లెక్కుండదు. ఎక్కువైతే బొబ్బలు, బొబ్బ లేచిన చోట కొత్త బొల్లి మచ్చ. అందుకే వాడుతున్నామంటే నేను కోప్పడను, “ఎంతసేపు ఎండలో కూర్చున్నావమ్మా?” అని అడుగుతాను.

మచ్చలు తగ్గాలని రాసుకునే అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం ప్రయోగశాలలో టైరోసినేజ్‌ను తగ్గిస్తుంది. ముఖం మీద ఫలితం నెమ్మది, కొంచెమే. మన శేషాచలం ఎర్రచందనమా? దాని ఎరుపు శాంటలిన్ అనే రంగుది. రాసుకుంటే ముఖం ఎర్రబడుతుంది, కడిగితే పోతుంది.