జెండా పట్టిన చెయ్యి, చాచిన చెయ్యి

1642 అక్టోబర్ 23. ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌హిల్ దగ్గర రాజు మొదటి చార్లెస్ సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ యుద్ధం. రాజుగారి జెండా మోసిన సర్ ఎడ్మండ్ వెర్నీ అక్కడే చనిపోయాడు. శవం దొరకలేదు. తెగిన చెయ్యి మాత్రం జెండా కర్రను వదల్లేదనీ, వేలి ఉంగరంలో రాజు బొమ్మ చూసి గుర్తుపట్టారనీ ఒక కథ. నిజమెంతో గానీ, వెర్నీలు అనగానే అందరూ ఎత్తుకునేది ఇదే.

నిజానికి రాజు చేస్తున్నది వెర్నీకి నచ్చలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన రొట్టె తిన్నాను, ఇప్పుడు వదిలిపోలేను అన్నాడట. మనమైతే ఉప్పు అంటాం. పెద్దకొడుకు రాల్ఫ్ పార్లమెంటు పక్షం. మరో కొడుకు ఎడ్మండ్ రాజు కోసం పోరాడి 1649లో ఐర్లండ్‌లోని ద్రొయెడాలో చనిపోయాడు.

రాల్ఫ్‌కి ఇంకో చిక్కు. పార్లమెంటు పెట్టమన్న ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టడానికి మనసొప్పక 1643లో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. దాంతో బకింగ్‌హామ్‌షైర్‌లోని క్లేడన్ ఎస్టేటు జప్తయింది. జప్తంటే భూమి అమ్మేయడం కాదు, కౌలు డబ్బు పార్లమెంటు కమిటీ వసూలు చేసుకుంటుంది. భార్యాపిల్లలకి ఐదో వంతు ఇవ్వొచ్చని రూలు. విడిపించుకోవాలంటే అర్జీ పట్టుకుని తిరగాల్సిందే. ఇలాంటి పనులకి ఆడవాళ్లు వెళ్తేనే మేలని బంధువైన డాక్టర్ డెంటన్ సలహా ఇచ్చాడు. 1646 చివర్లో రాల్ఫ్ భార్య మేరీ గర్భంతోనే లండన్ చేరింది. మరుసటి ఏడాది పుట్టిన కొడుకు కొన్ని నెలలకే పోయాడు. ఫ్రాన్స్‌లో తండ్రి దగ్గరున్న కూతురు పెగ్ కూడా ఆ ఏడాదే పోయింది. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. ఆస్తి దక్కింది గానీ, 1650లో మేరీయే లేకుండా పోయింది.

ఇంతకు ముందే సర్ ఎడ్మండ్‌కి ఇంకో కొడుకు టామ్ తలనొప్పి. ఇంటికి నచ్చని పిల్లని పెళ్లాడతానంటే 1634లో వర్జీనియా పంపించారు. తిరిగొచ్చేశాడు. ఈసారి బార్బడోస్. 1639లో అక్కణ్నించి తండ్రికి రాసిన ఉత్తరం చదివి తీరాలి. పళ్లనీ నేలనీ పొగుడుతూనే, తాగి దారిలో పడిపోయినవాళ్ల వేళ్లని పీతలు కొరికేస్తాయని రాశాడు. వెంటనే కూలీలూ సామానూ పంపమన్నాడు! చక్కెర, ఆఫ్రికన్ బానిసల కాలం ఇంకా రాలేదు. పొగాకు, పత్తి పండించింది ఎక్కువగా ఇంగ్లండ్ నించి వచ్చిన ఒప్పంద కూలీలు. అక్కడా టామ్ నిలదొక్కుకోలేదు.

ఇంటికి డబ్బు తెచ్చింది వలస భూమి కాదు, వ్యాపారం. రాల్ఫ్ చిన్నకొడుకు జాన్ 1662లో సిరియాలోని అలెప్పోకి వెళ్లి పన్నెండేళ్లు బట్టల వ్యాపారం నేర్చుకున్నాడు. అన్న ముందే చనిపోవడంతో, 1696లో తండ్రి పోయాక ఎస్టేటు అతనికే వచ్చింది, 1703లో వైకౌంట్ బిరుదు కూడా.

టామ్ 1707 దాకా బతికాడు, తొంభై దాటాయి. క్లేడన్‌లో దాచిన 30 వేలకు పైగా ఉత్తరాల్లో ఆయనవీ చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం డబ్బు అడిగినవే.