"మా పిల్లోళ్లని ఎత్తకపోతారంట గదక్కా?"

పోయిన జనవరిలో కోసిగి దగ్గర ఒక ఊళ్లో మా జీపు ఆగిందో లేదో, ఒకావిడ ఇద్దరు పిల్లల్ని రెక్కపట్టి ఈడ్చుకుంటూ ఇంటి వెనక చొప్పవామి చాటుకి పోయి దాక్కుంది. అరగంట బతిమాలాక బయటికొచ్చి అడిగిన మొదటి మాటే పైన టైటిల్‌గా పెట్టాను. ఆమె భర్త పోయి ఎనిమిది నెలలు. నేను అక్కడికి పోయింది ఆ ఇద్దరికీ స్పాన్సర్‌షిప్ (పిల్లల్ని ఇంట్లోనే ఉంచి సాకడానికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) దరఖాస్తు పెట్టించడానికి, పేర్లు పంపింది ఆ ఊరి అంగన్‌వాడీ టీచరే.

బాలల సంరక్షణ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, కర్నూలు పడమటి మండలాల్లోనే ఎక్కువ తిరిగాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. వాట్సాప్‌లో ఏది పడితే అది ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు ఓపిక ఎప్పుడో పోయింది, కానీ ఆ చొప్పవామి చాటున దాక్కున్న మనిషి మీద ఎలా కోపం వస్తుంది?

అపోహ: సాయం అడిగితే "ఈమె పిల్లల్ని సాకలేదు" అని రాసుకుని సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) వాళ్లు పిల్లల్ని హోంలో, అంటే పిల్లల్ని ఉంచి పెంచే సంస్థలో, వేస్తారు.

వాస్తవం: 2015 బాల న్యాయ చట్టం మొదట్లోనే కొన్ని సూత్రాలు రాసి పెట్టారు. బిడ్డ బాధ్యత మొదట కుటుంబానిదే, సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చివరగా చేసే పని అని అందులో ఉంది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. లెక్క చూసినా అంతే. బాలల సంరక్షణకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం మిషన్ వాత్సల్య, 2022 నుంచి నడుస్తున్న దాని మార్గదర్శకాల్లో హోంలో ఉన్న బిడ్డ పోషణకి నెలకు 3,000 రూపాయలు, ఇంట్లోనే ఉంచి సాకితే స్పాన్సర్‌షిప్ కింద 4,000. (హోంలకి సిబ్బంది జీతాలు వేరే ఇస్తారు, అది ఇందులో కలపలేదు.)

పిల్లల్ని అసలు తీసుకెళ్లరని నేను చెప్పను. కొట్టి హింసించినా, లైంగిక వేధింపు ఉన్నా, అడుక్కోవడానికో వెట్టికో పంపినా, చూసుకునే మనిషే లేకపోయినా తీసుకెళ్తారు, తీసుకెళ్లాలి కూడా. బియ్యం అయిపోయాయని చెప్పుకున్న తల్లి ఈ లెక్కలోకి రాదు.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందంటే, సగం మావాళ్ల వల్లే వచ్చింది. సీడబ్ల్యూసీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వాళ్ల బెంచ్‌కి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలు ఉంటాయి. చదువురాని మనిషికి ఆ బల్ల ముందు నిలబడటమే కోర్టు బోనులో నిలబడ్డట్టు ఉంటుంది. దానికి తోడు పిల్లోడు రెండు రోజులు బడికి రాకపోతే "హోంలో వేయిస్తా చూడు" అని బెదిరించే ఉద్యోగులు ఉన్నారు. నా ముందే అన్నవాళ్లు ఉన్నారు. ఒక్కసారి అన్న మాట పదేళ్లు ఊళ్లో తిరుగుతుంది.

దాక్కున్నాక ఏమవుతుందో చెప్తా. ఇంట్లో డబ్బుండదు, నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తారు. అది కట్టడానికి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస పోతారు, మా వైపు నుంచి అంటే గుంటూరు మిరప చేలకి. పిల్లల్ని ఎవరి దగ్గరా వదల్లేక వెంట తీసుకుపోతారు. మొదట చిన్నోణ్ణి ఆడించడానికి పెద్దపిల్ల చేలో కూర్చుంటుంది, రెండో ఏడు అదే పిల్ల కాయలు కోస్తుంది, బడి రిజిస్టర్‌లో పేరు పోతుంది. ఎప్పుడో కార్మిక శాఖ వాళ్లు తనిఖీకి వస్తే ఆ పిల్లని బాల కార్మికురాలిగా సీడబ్ల్యూసీ ముందు నిలబెడతారు. అంటే ఏ బల్లకి భయపడి మూడేళ్ల కింద దాక్కున్నారో ఆ బల్ల ముందుకే, ఈసారి దరఖాస్తుతో కాదు కేసుతో. ఇలాంటివి నేను చాలా చూశాను.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రి లేని ఇద్దరు అన్నదమ్ములని, తొమ్మిదేళ్లోడు, ఆరేళ్లోడు, నేనే వాళ్లమ్మకి నచ్చజెప్పి హోంలో చేర్పించాను. మూడు పూటలా తిండి, చదువు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆమె పత్తి తీసే కూలి. మొదట్లో రెండు వారాలకోసారి వచ్చేది, తర్వాత నెలకోసారి, తర్వాత పండక్కి. నేను ఫైలులో "తల్లి ఆసక్తి చూపడం లేదు" అని రాశాను. ఏడాది తర్వాత బస్టాండులో కనిపిస్తే తెలిసింది, రానూపోనూ బస్సు చార్జీకి ఒకరోజు కూలి, ఆ రోజు పనికి పోనందుకు ఇంకో రోజు కూలి పోతోందని. అప్పటికి చిన్నోడు ఆమెని చూసి అన్న వెనక్కి పోయి నిలబడటం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనూ స్పాన్సర్‌షిప్ ఉంది, నేను ఆ దరఖాస్తు తెరిచి కూడా చూడలేదు. ఆ ఫైలులో నా చేతిరాత ఇప్పటికీ ఉంది.

సరే, స్పాన్సర్‌షిప్ ఎవరికంటే: తల్లి వితంతువు, విడాకులు తీసుకున్నది లేదా భర్త వదిలేసినది అయితే, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతుంటే, తల్లిదండ్రులకి ప్రాణాంతక జబ్బు ఉంటే, ప్రమాదంలో పనిచేయలేని స్థితికి వస్తే. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. "ఇద్దరూ చచ్చిపోతేనే ఇస్తారంట" అనేది కూడా నేను రోజూ వినే అబద్ధమే. వితంతు పింఛను వస్తోంది కాబట్టి ఇది రాదు అనుకుని ఆగిపోకండి, పింఛను తల్లిది, ఇది బిడ్డది, ఆదాయం పరిమితిలో ఉందా అన్నదే చూస్తారు.

కాగితాల్లో అందరూ ఇరుక్కునేది మరణ ధ్రువపత్రం దగ్గర. మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే నమోదు చేయాలి, సొంతూళ్లో కాదు. సుగ్గికి పోయిన చోట చనిపోయి, శవాన్ని రాత్రికి రాత్రి ఊరికి తెచ్చేసిన కుటుంబాలు రెండు జిల్లాల మధ్య తిరుగుతుంటాయి. 21 రోజుల్లో నమోదైతే సులువు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి. ఏడుపులో ఉన్న ఇంట్లో ఈ మాట ఎత్తాలంటే నాకూ నోరు రాదు, కానీ పక్కింటివాళ్లు, బంధువులు ఎవరైనా ఆ పని భుజాన వేసుకోండి.

డబ్బు వెంటనే పడదు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ కూర్చోవాలి, నిధులు రావాలి. నెలలు పట్టిన కేసులు నా దగ్గరే ఉన్నాయి, దాచి లాభం లేదు.

మిగతావి గబగబా. "పిల్లలున్న ప్రతి ఇంటికీ నెలకి నాలుగు వేలు, ఈ ఫారం నింపండి" అనే మెసేజ్ అబద్ధం, ప్రతి ఏడూ కొత్త రంగు పూసుకుని వస్తుంది, ఫారం అమ్మేవాడికి పది రూపాయలు కూడా ఇవ్వొద్దు. అడగాల్సింది అంగన్‌వాడీ టీచర్ని, లేదా జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ఆఫీసులో, అదీ కాకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. "డబ్బిస్తే తాగేస్తారు" అంటారు, తాగే తండ్రులు లేరా అంటే ఉన్నారు, అందుకే అది పిల్లల ఖాతాలో పడుతుంది. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే నగదు సాయం వల్ల తాగుడు ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు. కస్తూర్బా పాఠశాల, గురుకులం, వలస పిల్లల సీజనల్ హాస్టల్, ఇవి హోంలు కావు, అక్కడ చేర్చితే పిల్లలు మీవాళ్లు కాకుండా పోరు. ఎవరో "ఆశ్రమం" పెట్టామని వస్తే మాత్రం రిజిస్ట్రేషన్ కాగితం చూపమనండి. స్టాంపు పేపర్ మీద రాసుకుని డబ్బు తీసుకుని బిడ్డని ఇచ్చేస్తే దాన్ని దత్తత అనరు, అమ్మకం అంటారు, అయిదేళ్ల వరకు జైలు. 

చొప్పవామి ఆవిడ ఆ సుగ్గికి ఒక్కతే పోయింది. పిల్లలు అవ్వ దగ్గరే ఉండి బడికి పోతున్నారు. దరఖాస్తు పెట్టాం, కమిటీ ఇంకా కూర్చోలేదు. ప్రతి సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా, పడినాయా?" అంటుంది. లేదంటే "సరేలే, పిల్లోళ్లు బడికి పోయినారా చూసి చెప్పు" అని పెట్టేస్తుంది.