‘చదవడం రాదు’ అనే ముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువగా వినే మాట ‘మావాడికి చదవడం రావట్లేదు టీచర్’. ఎక్కడ ఆగుతున్నాడో ముందు చూడాలి. అక్షరం దగ్గరా, పదం దగ్గరా, అర్థం దగ్గరా? ఆ తేడా తెలుసుకోకుండా అందరిచేతా ఒకే పాఠం పదేసిసార్లు రాయిస్తే పిల్లల చేతులు నొప్పిపుట్టడం తప్ప ఏమీ జరగదు. ప్రాథమిక తరగతులకు తెలుగు చెబుతూ నేను తరచూ వినే నమ్మకాలు ఇవి.

అపోహ: తెలుగు రాసినట్టే పలుకుతాం. అక్షరమాల, గుణింతాలు వస్తే చదవడం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాసినట్టే పలుకుతాం, నిజమే. కానీ ఎన్ని రూపాలు గుర్తుపట్టాలో లెక్కేయండి. హల్లులన్నిటికీ గుణింతాలు కలిపితేనే 500 దాటతాయి. వత్తులు అదనం. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. కొ, కో నేర్చుకున్న పిల్ల మొ, మో దగ్గర మళ్లీ ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గుర్తు వేరేలా ఉంటుంది.

‘ప్రేమ’ అనే పదం చూడండి. ఏత్వం ప మీద ఉంది, కానీ పలికేటప్పుడు ర తర్వాత రావాలి. కంటికి కనిపించే వరుస ఒకటి, నోటితో పలికే వరుస ఇంకొకటి. ‘పేరమ’ అని చదివిన పిల్లవాడు నిజానికి చూసింది చూసినట్టు శ్రద్ధగా చదివాడు. వాడిని కసరకూడదు, ఆ వరుస ఎలా మారుతుందో చూపించాలి. రెండో తరగతి అయిపోయినా వత్తుల దగ్గర తడబడితే అంత టెన్షన్ పడక్కర్లేదు. మన లిపికి ఆ సమయం కావాలి.

గుణింతాలు వరసగా అప్పజెప్పడం వేరు, ఒక రూపాన్ని విడిగా గుర్తుపట్టడం వేరు. ‘కె’ చూపిస్తే మనసులో క, కా, కి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే నేను అక్షరాలను కలిపేసి, పదాల్లో పెట్టి అడుగుతాను.

అపోహ: పాఠం గడగడా చదువుతున్నాడంటే చదువు వచ్చేసినట్టే.

వాస్తవం: ముందు వేలు ఎక్కడుందో చూడండి. నోరు మూడో లైనులో ఉంటే వేలు ఐదో లైనులో ఉంటుంది. అది బట్టీ. పాఠం మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి, లేదా చివరి వాక్యం నుంచి పైకి చదవమనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

చూసి చదివినా పని సగమే అయినట్టు. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను పదాలుగా పలకగలగడం, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. దీనికి తోడు విషయ పరిజ్ఞానం కూడా కావాలి. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ పిల్లలచేత బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం చదివించారు. ఆట బాగా తెలిసిన ‘వెనకబడిన’ పిల్లలు, ఆట తెలియని ‘మంచి చదువరుల’ కంటే బాగా అర్థం చేసుకున్నారు. మన దగ్గరా అంతే. నాట్లు, కలుపు చూస్తూ పెరిగిన పిల్లకు వ్యవసాయం పాఠం ఇట్టే ఎక్కుతుంది, ఓడరేవు పాఠం ఎక్కదు. అలాంటప్పుడు పాఠం మొదలుపెట్టేముందు పది నిమిషాలు బొమ్మలు చూపించి కబుర్లు చెప్పడం టైమ్ వేస్ట్ కాదు.

అపోహ: మేమే చదువుకోలేదు, ఇంట్లో మేమేం నేర్పగలం?

వాస్తవం: పైన చెప్పిన గుణకారంలో రెండో భాగం ఇంట్లోనే తయారవుతుంది. సంతలో ఏం కొన్నారో, చెరువు ఎందుకు ఎండిందో పిల్లలతో మాట్లాడండి. నాయనమ్మ కథ చెబితే మధ్యలో ఆపి ‘తర్వాత ఏమైంటుంది?’ అని అడగండి. ఫోన్‌లో వీడియో పెట్టి ఇస్తే మాటలు వినపడతాయి కానీ, పిల్లవాడు అడిగినదానికి అది జవాబు చెప్పదు.

అపోహ: ఇంగ్లిష్ రావాలంటే తెలుగు పక్కన పెట్టాలి.

వాస్తవం: తెలిసిన భాషలో అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం ఒకసారి పట్టుబడితే, రెండో భాషలో ఆ సంగతి మళ్లీ మొదటినుంచి నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఇక్కడ మనం మర్చిపోయే పిల్లలు కొందరున్నారు. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగే కొత్త భాష. వాళ్లు బడిలో మౌనంగా ఉంటే ‘మొద్దు’ అనేస్తాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు మొదలుపెట్టింది ఇందుకే. ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే బడి మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: చదవలేకపోతే బద్ధకమో, తెలివి తక్కువో.

వాస్తవం: ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు మసకగా కనిపిస్తోందని చాలామంది పిల్లలు చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. మాటిమాటికీ చెవి కారే పిల్లకు ద, ధ తేడా వినపడకపోవచ్చు. రక్తం తక్కువైనా చదువు మీద ధ్యాస నిలవదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, బాగా నేర్పినా ఏళ్ల తరబడి తడబడుతుంటే డిస్లెక్సియా (పదాలు చదవడం, రాయడంలో పుట్టుకతో ఉండే ఇబ్బంది) ఉందేమో పరీక్ష చేయించాలి. దానికీ తెలివికీ సంబంధం లేదు. అక్షరాలు తిరగేసి రాయడమొక్కటే చూసి భయపడకండి, ఏడేళ్ల లోపు అది మామూలే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది.

అపోహ: పై తరగతికి వెళ్తే అదే వస్తుంది.

వాస్తవం: రాదు. నాలుగో తరగతి నుంచి పుస్తకాలన్నీ చదవడం వచ్చినవాళ్ల కోసమే ఉంటాయి. లెక్కల ప్రశ్న చదవలేని పిల్లకు లెక్క వచ్చినా రానట్టే. పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే ‘అసర్’ 2024 సర్వేలో, గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతమే. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో సహా చదవాలన్నది చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం లక్ష్యం.

కాబట్టి ఐదో తరగతిలో ఉన్నా, పదాల దగ్గర ఆగినవాడికి రోజూ ఒక గంట పదాలే నేర్పాలి. ఆ గంటసేపు తరగతి ఏదని చూడకుండా, ఎక్కడ ఆగారో దాన్నిబట్టి పిల్లల్ని కలిపి కూర్చోబెట్టండి. అప్పుడు ఐదో తరగతి పిల్లవాడికి మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవడం నామోషీగా అనిపించొచ్చు. వాడికి చిన్న పిల్లల పుస్తకం ఇవ్వకండి. క్రికెట్ గురించో, వాళ్ల ఊరి జాతర గురించో తేలిక పదాలతో ఐదారు వాక్యాలు మీరే రాసి ఇవ్వండి.